మా అవ్వ కుట్టని బొంత

తెలుగు సాహిత్య విమర్శలో 'అతుకుల బొంత' అనేది తిట్టు. నవలలో కథ కుదురుగా లేకపోతే అతుకుల బొంత, కవితలో భావచిత్రాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే అతుకుల బొంత. పత్రికలవాళ్లకైతే నాలుగు పార్టీలు కలిసి నడిపే ప్రభుత్వం ఏదైనా అతుకుల బొంతే. ఈ మాట వాడేవాళ్లలో ఎంతమంది బొంత కప్పుకుని పడుకున్నారో, ఎంతమంది దాన్ని కుడుతుంటే పక్కన కూచుని చూశారో అని నాకెప్పుడూ అనుమానమే. బొంతలో అతుకు లోపం కాదు. అతుకు లేకపోతే అది బొంతే కాదు, దుప్పటి. ఆరేళ్ల క్రితం నేను సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయం ఈ తిట్టును తిరగేయాలనే కోపంతోనే పుట్టింది.

రాయలసీమ స్త్రీలు తమ బతుకుల గురించి చెప్పుకునే కథనాలు అప్పట్లో నా పరిశోధనాంశం. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు చెబుతుంటే రికార్డు చేసుకునేదాన్ని. వాళ్లు పుట్టుకతో మొదలుపెట్టి వరసగా చెప్పరు. పెళ్లి గురించి చెబుతూ చెబుతూ ఒక కరువులోకి వెళ్తారు. కరువులోంచి ఒక ఎద్దు చావులోకి, అక్కణ్ణుంచి నిన్న రేషన్ షాపు దగ్గర జరిగిన తగాదాలోకి. మధ్యలో ఒక పాట, ఒక సామెత, ఒక బూతు. సెమినార్లో ఇదంతా వినిపించినప్పుడు ఒక పెద్దాయన "దీంట్లో నిర్మాణం ఎక్కడుందమ్మా, అతుకుల బొంత కదా ఇది" అన్నారు. ఆ రాత్రి హాస్టల్ గదిలో చలికి మా అవ్వ బొంత కప్పుకుని కూచుని ఆయన మాటనే తలుచుకుంటూ ఉంటే, జవాబు నా ఒంటిమీదే ఉందనిపించింది. అవును, బొంతే. బొంతకూ ఒక నిర్మాణం ఉంది, చూడటం మీకు చేతకాదు అని రాయాలనుకున్నాను. రాశాను కూడా.

ఆ అధ్యాయాన్ని చాలామంది మెచ్చుకున్నారు. ఇప్పుడు అది పుస్తకంగా వచ్చే పనిలో ఉంది. అందులో అన్నిటికంటే ముఖ్యమైన విషయం తప్పని కిందటి చలికాలంలో తెలిసింది. ఆ తప్పు ఎలాంటిదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు బొంత సంగతి. మా ప్రాంతపు బొంతల్లో బొమ్మలుండవు. బెంగాలు కాంతాల మీద ఉండే చేపలు, చిలకలు, రథాలు, తామరలు వెతికితే నిరాశే. పైనొక పాత చీర, కిందొక పాత చీర, మధ్యలో ఐదారు వరసల చినిగిన పంచెలు, లుంగీలు, పరికిణీలు, దేనికీ పనికిరాని గుడ్డ పేలికలు. నేలమీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముడతల్లేకుండా అరచేత్తో సాపు చేసి, అంచు దగ్గర మొదలుపెట్టి సూదిని ముంచి తేల్చి, ముంచి తేల్చి చుట్టూ కుట్టుకుంటూ వస్తారు. ఒక చుట్టు అయ్యాక దానికి రెండు వేళ్ల లోపల ఇంకో చుట్టు. చతురస్రంలో చతురస్రం. చివరికి కుట్టేమనిషి బొంత మీదికే ఎక్కి కూచుని నడిమధ్యన ముగిస్తుంది. పైచీర ఎక్కడ పిగిలితే అక్కడ ఒక ముక్క అతుకుతారు. కన్నడం మాట్లాడే ఊళ్లలో దీన్నే కౌది అంటారు. ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోదే కాబట్టి మా ఇళ్లలో రెండు మాటలూ దొర్లుతాయి.

మా అవ్వ బొంత మీద పదకొండు అతుకులున్నాయి. మా అమ్మ దగ్గర కూచుని ఒక్కొక్కటీ ఎవరిదో రాసుకున్నాను. తాత పంచె అంచు, మా పెద్దమామ నిక్కరు చారలు, చిన్నమ్మ ఓణీ, మా అమ్మ ఏడో తరగతిలో బడికి కట్టుకుపోయిన నీలం పరికిణీ. ఒక్క ముక్క మాత్రం, కుంకుమ రంగుది, ఎవరిదో అమ్మకు గుర్తు రాలేదు. దాన్ని 'గుర్తింపు లేనిది' అని పట్టికలో రాశాను. ఇక కుట్టు. బయటి చుట్లలో కుట్టు జొన్నగింజంత. సగం దాటాక ఉన్నట్టుండి చింతగింజంత అవుతుంది. గీత కూడా వంకరపోతుంది. ఆ బొంత కుట్టిన ఏడే మా అవ్వకు ఎదిగిన కొడుకు పోయాడు. ఆ రెండు సంగతులనూ కలిపి నేనొక పెద్ద పేరా రాశాను. అవ్వ నోటితో చెప్పని దుఃఖం సూదిలోకి దిగిందని, జొన్నగింజ చింతగింజ అయినచోట ఒక తల్లి గుండె ఆగి మళ్లీ కొట్టుకుందని, అక్షరం రాని స్త్రీ రాసుకున్న ఆత్మకథలో అది అధ్యాయం మారే చోటని. ఇప్పుడు చదువుకుంటే సిగ్గుగా ఉంది కానీ ఆ పేరా రాసిన రోజు నేను ఏడ్చాను. పరీక్షకులు తమ నివేదికలో ప్రత్యేకంగా ప్రస్తావించింది కూడా దాన్నే.

ఆ చదివే పద్ధతి నా సొంతం కాదు. సూసన్ గ్లాస్పెల్ 1916లో రాసిన 'ట్రైఫిల్స్' నాటిక మనలో చాలామంది పాఠం చెప్పే ఉంటారు. మొగుణ్ణి చంపిందన్న అనుమానంతో ఒక రైతు భార్యను జైల్లో పెడతారు. మగవాళ్లు సాక్ష్యం కోసం ఇల్లంతా గాలిస్తుంటే, వాళ్ల వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు వంటింట్లో కూచుని ఆమె కుడుతున్న బొంత ముక్కలు చూస్తారు. అన్నిట్లోనూ కుట్టు నీటుగా ఉండి ఒక్కదాంట్లో చిందరవందరగా ఉంటుంది. ఆ చిందరవందర కుట్టులో ఆమె మనసేమిటో వాళ్లకు అర్థమవుతుంది. ఒకామె మెల్లగా దాన్ని విప్పి తిన్నగా కుట్టేస్తుంది, మగవాళ్ల కంట పడకుండా. ఈ నాటిక చదివాక ఏ స్త్రీవాద విమర్శకురాలైనా వంకర కుట్టు కనిపిస్తే దుఃఖమే వెతుకుతుంది. నేనూ వెతికాను, దొరికింది.

కిందటి చలికాలంలో బొంత అంచు చినిగిపోయింది. పుస్తకం ముఖచిత్రానికి ఫోటో కావాలన్నారు కాబట్టి బాగు చేయిద్దామని ఎమ్మిగనూరు తీసుకెళ్లాను. అక్కడ ఊరి చివర స్థిరపడిన ఒక సంచార కులపు కుటుంబాల్లో ఆడవాళ్లు బొంతలు కుడతారని చెప్పారు. వేపచెట్టు కింద ఒక పెద్దామె కుడుతోంది. బొంత చేతికిస్తే ఆమె ముందు చేసిన పని దాన్ని తిరగేయడం. నేను ఇన్నేళ్లలో పైభాగాన్నే చదివాను. ఆమె వెనకవైపు మీద వేళ్లు నడిపించుకుంటూ వెళ్లి సగంలో ఆపింది.

"ఇది ఇద్దురు కుట్టినారు" అంది.

"లేదమ్మా, మా అవ్వ ఒక్కతే కుట్టింది."

"లేదు పాపా. ఈడిదంకా ఒక చెయ్యి. ఈణ్ణుంచి ఇంగో చెయ్యి. ఇది పెద్దామె, ఇది పిల్లది. చూడు, పిల్లది దారం బిగబట్టి లాగింది, గుడ్డ ముడుసుకునింది. నేర్సుకుంటా ఉండే చెయ్యి." కాసేపాగి, "కూలికి కుట్టిచ్చింటారు" అంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. అక్కడే నిలబడి ఆదోనిలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను.

"అవ్వ యాడ కుట్టిందే?" అంది అమ్మ. "ఆమెకు కండెలు చుట్టేదానికే పొద్దు సాలేది కాదు. బొంతలు కుట్టేవాళ్లు వచ్చేవాళ్లు కదా. ఆయమ్మ, ఆయమ్మ కూతురు. మన పంచలోనే కూచొని నాలుగు దినాలు కుట్టిరి."

"మరి నేను అడిగినప్పుడు అవ్వ బొంత అంటివి?"

"అవ్వ బొంతే కదా. ఎవురు కుట్టినారని నువ్వు అడిగితివా?"

అడగలేదు. రెండు వందల పేజీల గ్రంథంలో, పదకొండు అతుకుల పట్టికలో, ఎవరి గుడ్డ అని అడిగానే తప్ప ఎవరి చెయ్యి అని అడగలేదు. నా ప్రశ్నావళి ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ ప్రశ్న అందులో లేదు.

తర్వాత అమ్మ దగ్గరికే వెళ్లి మళ్లీ కూచున్నాను. కూలి ఏమిచ్చారంటే, రెండు పడుల జొన్నలు, ఒక పాత చీర, నాలుగు రోజులూ రొట్టె, పప్పు. వాళ్ల పేర్లు గుర్తు లేవు. 'ఆయమ్మ' అంతే. ఆ కూతురు ఎంత ఉండేదంటే, "నా ఈడుదే" అంది అమ్మ. "నేను బడినుంచి వచ్చి పక్కన కూచుంటే నా పలక తీసుకొని చూసేది" అంది. ఆ మాట దగ్గర నా నోట్సు ఆగిపోయింది. మా అమ్మ బడికి కట్టుకుపోయిన నీలం పరికిణీ ముక్కను ఒక తరం ఆడపిల్లల చదువుకు గుర్తుగా నేను నా అధ్యాయంలో ఎత్తి చూపించాను. ఆ ముక్కను అక్కడ అతికింది అదే వయసు పిల్ల. బడికి పోని పిల్ల. వంకరపోయిన గీత మా అవ్వ శోకం కాదు, ఆ పిల్ల నేర్చుకుంటున్న కూలిపని.

ఆ కుంకుమరంగు ముక్క సంగతీ అడిగాను. గుడ్డ చాలకపోతే వాళ్ల మూటలోంచే ముక్క తీసి వేసేవాళ్లని అమ్మ అంది. అది వాళ్లదే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఆ ముక్క వాళ్ల సంతకం అని రాయడానికి చెయ్యి దురద పెడుతోంది గానీ, ఒకసారి కాల్చుకున్నదాన్ని.

ఇందులో మా అవ్వను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. మాది మగ్గాల ఇల్లు. ఎమ్మిగనూరు చేనేత గురించి ఏ పుస్తకం తెరిచినా 1938లో మాచాని సోమప్ప స్థాపించిన నేత సహకార సంఘం ఉంటుంది, 1954లో ఆయనకొచ్చిన పద్మశ్రీ ఉంటుంది. ఉండాల్సిందే, నేతగాళ్లను వడ్డీ వ్యాపారుల చేతుల్లోంచి తప్పించడానికి సహకార సంఘం ఎంత అవసరమో మగ్గాల ఇళ్లకు తెలుసు. కానీ ఆ పుస్తకాల్లో నేసేవాడు మగవాడే. రాట్నం ముందు కూచుని పేకకు కండెలు చుట్టే ఆడదాని పని 'ఇంటి సాయం'. ఆమె చుట్టకపోతే నాడెలో దారం ఉండదు, మగ్గం ఆడదు. ఆ బొంత లోపలి పొరల్లో ఉన్న పంచెల్లో, తువ్వాళ్లలో మా తాత నేసినవి ఎన్ని ఉన్నాయో, వాటికి మా అవ్వ ఎన్ని కండెలు చుట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. అంటే ఆమె బొంత కుట్టలేదు, బొంతలోని నూలు ఆమె చేతుల్లోంచి పోయింది. బొంత కుట్టే తీరిక లేకనే కూలికి ఇచ్చింది. తీరిక లేని ఒక స్త్రీ, తీరికకూ పనికీ తేడా తెలియని ఇంకో స్త్రీకి రెండు పడుల జొన్నలు కొలిచింది. నేను రాయాల్సిన అధ్యాయం ఇది. నేను రాసింది వేరే.

నా ఒక్కదానికే ఇలా జరిగిందా అని పాత పుస్తకాలన్నీ మళ్లీ తీశాను. ఆలిస్ వాకర్ 1974లో రాసిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ అవర్ మదర్స్ గార్డెన్స్' వ్యాసం మనందరికీ ఇష్టమైనదే. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో వేలాడుతున్న ఒక బొంత గురించి అందులో రాసింది. పనికిరాని పేలికలతో కుట్టిన ఆ బొంత ఒక మహాశిల్పమని, కుట్టింది ఎవరో తెలియని అలబామా నల్లజాతి స్త్రీ అని అక్కడున్న చీటీలో ఉందని చెప్పింది. తనకు ముందు తరాల స్త్రీల సృజన అంతా ఆ పేరులేనితనంలో ఉందని ఆమె వాదం. అయితే వాకర్ మాట్లాడుతున్నది హారియట్ పవర్స్ కుట్టిన బైబిల్ బొంత గురించేనని తర్వాత పండితులు అభిప్రాయపడ్డారు. పవర్స్‌ది అలబామా కాదు, జార్జియా. 1837లో బానిసగా పుట్టింది. 1886లో ఏథెన్స్ పత్తి సంతలో ఆ బొంతను ప్రదర్శించింది. జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచరు కొంటానంటే అప్పుడు అమ్మలేదు, ఆ తర్వాత ఇల్లు గడవక ఐదు డాలర్లకు అమ్మింది. ఒక్కో ముక్కలో ఏ కథ కుట్టిందో పవర్స్ చెబుతుంటే జెన్నీ స్మిత్ రాసి పెట్టింది కూడా. అంటే పేరుంది, ఊరుంది, ధర ఉంది, ఆమె స్వయంగా చెప్పిన వ్యాఖ్యానం ఉంది. వాకర్ చూసిన చీటీలో మాత్రం పేరు లేదు. పేరు లేకపోవడంలో మనం కవిత్వాన్ని చూశాం. పేరు లేకపోవడం చాలాసార్లు ఎవరో అడగకపోవడం మాత్రమే.

'ఎవ్రీడే యూజ్' కథ కూడా మళ్లీ చదివాను. 1973 నాటిది. చదువుకుని పట్నం నుంచి వచ్చిన పెద్దకూతురు డీ, అమ్మమ్మ నాటి బొంతల్ని గోడకు వేలాడదీసుకుంటానంటుంది. పెళ్లి కావాల్సిన చిన్నకూతురు మ్యాగీకిస్తే వాటిని రోజూ కప్పుకుంటుందని ఆమె అభ్యంతరం. తల్లి బొంతల్ని మ్యాగీకే ఇస్తుంది. క్లాసులో పిల్లలంతా ఎప్పుడూ మ్యాగీ వైపే. హాస్టల్ గదిలో బొంత కప్పుకున్నదాన్ని కదా, నేనూ మ్యాగీనే అనుకునేదాన్ని. ఇప్పుడు గమనించింది వేరు. ముక్కలు జోడించింది అమ్మమ్మ అని, ఆ తర్వాత చట్రానికి బిగించి కుట్టింది తల్లీ, ఆమె అక్కా అని వాకర్ ఒక్క వాక్యంలో స్పష్టంగా చెబుతుంది. ఏ చెయ్యి ఏది చేసిందో ఆ తల్లికి తెలుసు. గుడ్డ వాళ్లదే, చెయ్యి వాళ్లదే, కప్పుకునేదీ వాళ్లే. ఎలేన్ షోవాల్టర్ 1986 నాటి వ్యాసంలో అమెరికన్ స్త్రీల కథన నిర్మాణాన్ని బొంత పనితో కలిపి చదవగలిగిందంటే వెనక ఇలాంటి ఇల్లే ఉంది. నిజానికి అమెరికాలోనూ బానిస స్త్రీలు దొరసానుల పడకలకు బొంతలు కుట్టారు. కానీ రూపకంగా మన దగ్గరికి దిగుమతి అయింది ఆ ఇల్లే. కులం ఉన్నచోట గుడ్డ ఒకరిది, చెయ్యి ఇంకొకరిది. 'స్త్రీల రచన బొంతలాంటిది' అని ఇక్కడ అనాలంటే ముందు ఆ బొంత కూలి ఎంతో చెప్పాలి.

ఈ మాట మనకు కొత్తది కూడా కాదు. అదే ఇంకా బాధ. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పటి నుంచీ దళిత స్త్రీలు 'మీ మనంలో మేమెక్కడ' అని అడుగుతూనే ఉన్నారు. జూపాక సుభద్ర 'కొంగు' కవితను నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. అగ్రకులాల ఇళ్లలో సిగ్గుకూ శీలానికీ కాపలా కాసే కొంగు, పనిచేసే స్త్రీ ఒంటిమీద ఎన్ని పనులు చేస్తుందో ఆ కవితలో ఉంది. ఒక గుడ్డ అర్థం కులాన్నిబట్టి మారుతుందని బల్ల గుద్ది చెప్పి, ఇంటికొచ్చి మా అవ్వ బొంతను కులం లేని గుడ్డగా చదివాను.

గుడ్డకు కులం ఉండటం ఇంకో రకంగానూ తెలుస్తుంది. చనిపోయినవాళ్ల గుర్తుగా వాళ్ల బట్టలు బొంతలో వేస్తారని నేను రాశాను. మా ఇళ్లలో అన్నీ వేయరు. పోయేటప్పుడు ఒంటిమీదున్నది, పరుపు మీదున్నది చాకలి ఇంటికి పోతాయి. పెట్టెలో మడతల్లో మిగిలినవే బొంతలోకి వస్తాయి. అంటే మైల అంటనిదే మన జ్ఞాపకం. మైల అంటిన గుడ్డ ఇంకో ఇంట్లో ఎవరి బొంతలో చేరిందో, ఆ ఇంట్లో దాన్ని ఎవరి జ్ఞాపకమంటారో. బాలింతకు పరిచే పాత బొంతకూ ఇదే గతి.

రెండేళ్ల క్రితం హైదరాబాదులో స్త్రీల సమావేశం ఒకటి జరిగింది. అందరూ తమకు ప్రియమైన గుడ్డముక్క ఒకటి తెచ్చి, జానపద కళ పద్ధతిలో దానిమీద ఏదైనా కుట్టాలి, తర్వాత అన్నీ కలిపి ఒక పెద్ద వేలాడే గుడ్డ చేస్తామన్నారు. తెరమీద బొమ్మలు చూపించారు. బెంగాలు కాంతాలు, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే కవందులు. ఆ కవందులకు నాలుగు మూలలా మడత గుడ్డతో 'ఫూల' పెట్టకపోతే బొంత దిసమొలతో ఉన్నట్టేనట. ఆ తర్వాత అలబామాలోని జీస్ బెండ్ స్త్రీల బొంతలు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటి ప్రదర్శన పెట్టినప్పుడు విమర్శకులు ఆధునిక చిత్రకళతో పోల్చారు. వాటిని కుట్టిన స్త్రీలలో కొందరు తమకు రావాల్సిన డబ్బు రాలేదని 2007లో కోర్టుకెక్కారని, ఏడాది తర్వాత రాజీ అయిందని ఆ రోజు ఎవరూ చెప్పలేదు, నేనూ లేచి చెప్పలేదు. నేను తీసుకెళ్లింది మా అవ్వ చీర ముక్క. దానిమీద నాలుగు పిట్టలు కుట్టాను, మా ఊరి బొంతల్లో లేని పిట్టలు. సూది గుచ్చుకుని రక్తం వచ్చింది, అందరం నవ్వుకున్నాం. ఆ రెండు రోజులు నిజంగా బాగున్నాయి, కాదనను. ఎవరి ముక్క కథ వాళ్లు చెబుతుంటే ఏడ్చినవాళ్లున్నారు. కానీ సాయంత్రానికి ముక్కలు కలిపే పని మావల్ల కాలేదు, కొలతలు కుదర్లేదు. పక్క వీధిలో మిషను పెట్టుకున్న ఒకామెకు ఇచ్చి రాత్రికి రాత్రే కుట్టించారు. మర్నాడు ఆ గుడ్డ పక్కన వేలాడదీసిన జాబితాలో ముక్కలు తెచ్చిన మా అందరి పేర్లూ ఉన్నాయి. మిషను ఆమె పేరు లేదు. అప్పుడు నేను గమనించను కూడా లేదు. ఎమ్మిగనూరు నుంచి తిరిగొస్తూ బస్సులో గుర్తొచ్చింది.

బొంత గోడ మీదికి ఎక్కకుండా నేలమీదే ఉండే చోటు కూడా మా వైపు ఇంకా ఉంది. వానలు మోసం చేసిన ఏడు కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం పల్లెల నుంచి జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణకు పత్తి తీయడానికి, బెంగళూరుకు కట్టడం పనులకు. పిల్లల్ని కూడా వెంట తీసుకుపోతారు, బళ్లు సగం ఖాళీ అవుతాయి. లారీలో గిన్నెలు, జొన్నల మూట, పైన బొంతలు. చేను గట్టున అదే పరుపు, అదే చలికి అడ్డం, రెండు కట్టెలకు కడితే అదే చంటిపిల్లకు నీడ. ఒక సీజనుకు ఒక బొంత అరిగిపోతుంది. ఈ బొంతల్ని మాత్రం ఆ ఇంటి ఆడవాళ్లే, పోయేముందు రాత్రిళ్లు కూచుని కుట్టుకుంటారు. కూలికి ఇచ్చే స్తోమత లేదు కాబట్టి. నేను వెతికిన 'తన బొంత తానే కుట్టుకున్న స్త్రీ' ఉన్నది ఇక్కడ, మా ఇంట్లో కాదు. ఆమె బొంత మ్యూజియం దాకా మిగలదు. ఏ ముక్క ఎవరిదని ఒకామెను అడిగితే, "ఏమో, దొరికిందల్లా ఏస్తిమి" అంది. ఆ జవాబును జ్ఞాపకం లేకపోవడంగా చదవాలా, జ్ఞాపకానికి గుడ్డను కేటాయించలేని బతుకుగా చదవాలా? రెండోదే అనుకుంటున్నాను. చప్పున తేల్చేయాలన్న ఆత్రం మాత్రం ఈమధ్య తగ్గించుకున్నాను.

కన్నడ వచనకారిణుల్లో బొంతాదేవి అని ఒకామె ఉంది. కాశ్మీరు రాజకుమార్తె అని, అన్నీ విడిచి దిగంబరంగా కల్యాణానికి వస్తుంటే ఆమెకు కప్పుకోవడానికి బొంత దొరికిందని, అందుకే ఆ పేరొచ్చిందని కథ. బొంతనే పేరుగా పెట్టుకున్న కవయిత్రి! నా అధ్యాయం ఈమెతోనే ముగుస్తుంది. రాచచీర వదిలి అతుకుల గుడ్డను ఎన్నుకున్న స్త్రీ అని రాసి చాలా తృప్తిపడ్డాను. ఇప్పుడా పేజీ పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్న రాసి పెట్టాను, ఆ బొంత ఎవరు కుట్టారు అని. మాదిగ హరళయ్య దంపతులు తమ తొడల చర్మంతో బసవన్నకు చెప్పులు కుట్టిన కథ అందరూ చెబుతారు. బొంత కుట్టినవాళ్ల కథ నేను చదివినంతలో కనిపించలేదు.

పుస్తకంలో ఆ అధ్యాయాన్ని తీసేయనా అని ఒక స్నేహితురాల్ని అడిగితే, తప్పును కూడా ఉంచు, పక్కనే సరిదిద్దు అంది. అలాగే చేస్తున్నాను. శోకపు పేరా అలాగే ఉంటుంది, దాని కిందే మా అమ్మ ఫోన్లో అన్న మాటలు ఉంటాయి. పట్టికలో 'ఎవరి చెయ్యి' అని ఇంకో గడి చేర్చాను. అందులో 'ఆయమ్మ, ఆయమ్మ కూతురు' అని మాత్రమే రాయగలిగాను.

బాగు చేసిన బొంత తెచ్చుకోవడానికి మళ్లీ ఎమ్మిగనూరు వెళ్లాను. అతుకు వేయడానికి నేనిచ్చిన చుడీదారు గుడ్డ ఆమె వాడలేదు. అది సూదిని పట్టదు, జారిపోతుంది, ఈ పాలిస్టరు వచ్చినాక బొంత బొంతలాగ ఉండట్లేదు అంది. తన పాత నూలు చీరలోంచే ఒక పట్టీ చింపి అంచంతా వేసింది, పసుపు మీద నల్ల చుక్కలు. కుట్టు జొన్నగింజంత. అడిగినంత కూలి ఇచ్చి, పుస్తకంలో ఫోటో కింద వేస్తానని పేరు అడిగాను. ఆమె సూది కొప్పులో గుచ్చుకుని నన్ను కాసేపు చూసింది.

"పేరు ఏస్తే ఎవురన్నా బొంతలు కుట్టమని వస్తారా?"

"ఏమో అమ్మా. చదివేవాళ్లు చూస్తారు."

"అట్లయితే ఫోన్ నంబరు కూడా రాయి."

కొడుకును పిలిచి నంబరు చెప్పించింది. రాసుకున్నాను. పుస్తకం అచ్చువేసేవాళ్లను ఇంకా అడగలేదు.